మోటారు కారు దీపములు: విద్యుత్ లోపములను కనుగొను విధానము

మోటారు వాహనమునకు ఇంజను గుండె వంటిదని, దీపములు కన్నుల వంటివని చెప్పుట వాడుక. కన్ను మసకబారిన మనిషి చీకటిలో అడుగు వేయుటకు జంకును. కారు మాత్రము జంకదు. దీపము సగమే వెలుగుచున్నను గంటకు 80 కిలోమీటర్ల వేగముతో పోవుచునే యుండును. అందువలననే 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమావళి, సూర్యాస్తమయమైన అరగంట తరువాత మొదలు సూర్యోదయమునకు అరగంట ముందు వరకు, ముందున్న మనుష్యులును వాహనములును 155 మీటర్ల దూరమున స్పష్టముగా కనబడునట్లు దీపములు వెలుగవలెనని విధించినది.

అట్టి దీపము వెలుగనపుడు సామాన్యముగా జరుగుచున్నదేమి? మొదట బల్బు మార్చెదరు. వెలుగనిచో ఫ్యూజు మార్చెదరు. అప్పటికిని వెలుగనిచో స్విచ్చి, ఆ తరువాత రిలే, తుదకు బాటరీయు మారును. లోపము మాత్రము ఉన్నచోటనే యుండును. ఇట్లు వస్తువులను మార్చుచు పోవుట మరమ్మతు కాదు, జూదము. దినమంతయు స్టీరింగు పట్టి సంపాదించిన టాక్సీ డ్రైవరు కష్టార్జితము ఆ జూదములో కరగిపోవును. అంతకంటె విచారకరమైన విషయము మరియొకటి కలదు. దీపము ఎట్లో ఒకట్లు వెలిగినచో చాలునని అందరు తృప్తిపడుదురు. అది ఎంత వెలుగుచున్నదో చూచువారు అరుదు.

విద్యుత్ లోపము కంటికి కనబడదు గనుక దానిని పట్టుకొనుట ఉస్తాదులకు మాత్రమే తెలిసిన రహస్యమని పలువురు తలంచెదరు. ఉస్తాదుల హస్తవాసిని మేము తక్కువ చేయుట లేదు. ఏండ్ల తరబడి చేసిన పనిలో అబ్బిన నేర్పు పుస్తకములలో దొరకునది కాదు. అయినను ఆ నేర్పునకు ఆధారమైన సూత్రములు రెండే. ఒకటి 1827లో ఓమ్ ప్రకటించినది, రెండవది 1845లో కిర్కాఫ్ ప్రకటించినది. భౌతికశాస్త్రము చదివిన ప్రతి ఇంటర్మీడియెటు విద్యార్థికిని ఇవి తెలియును. పరీక్ష కొరకు నేర్చిన ఆ సూత్రములే రోడ్డు ప్రక్కన ఎట్లు అక్కరకు వచ్చునో వివరించుట ఈ వ్యాసోద్దేశము.

వెళ్లిన విద్యుత్తు తిరిగి రావలెను

చెరువు నుండి కాలువ ద్వారా పొలమునకు పారిన నీరు పొలములోనే ఇంకిపోవును. విద్యుత్తు అట్లు కాదు. బయలుదేరిన చోటికి అది తిరిగి చేరవలెను. చేరుటకు దారి లేనిచో అసలు బయలుదేరనే బయలుదేరదు. కారులో బాటరీ ధన ధ్రువము నుండి విద్యుత్తు ఫ్యూజు, స్విచ్చి లేక రిలే, తీగ, బల్బులోని ఫిలమెంటు అను వానిని దాటి, కారు యొక్క ఇనుప శరీరము ద్వారా ఋణ ధ్రువమును చేరును. తిరుగు దారికి ప్రత్యేకముగా తీగ వేయక కారు శరీరమునే తీగగా వాడుట వలన ఎంతయో రాగి ఆదా అగును. దీనినే మెకానిక్కులు బాడీ ఎర్తు అందురు. పేరు ఎర్తు అయినను నేలతో దీనికి సంబంధము లేదు. బాటరీ ఋణ ధ్రువము కారు శరీరమునకు బిగింపబడినదని మాత్రమే దాని అర్థము. కొన్ని పాత ఇంగ్లీషు కార్లలో ధన ధ్రువమునే శరీరమునకు కలుపుట యుండెడిది.

దీపము వెలుగనపుడు మన దృష్టియంతయు దీపమునకు వచ్చు తీగపైననే యుండును. దీపము నుండి వెళ్లు దారిని మరచిపోవుదుము. వచ్చు తీగకు రబ్బరు తొడుగు, ఫ్యూజు రక్షణ కలవు. వెళ్లు దారి అనేక కార్లలో ఒక్క స్క్రూ మీద, దాని క్రింది రేకు మీద ఆధారపడి యుండును. వానకాలపు నీరు, రోడ్డు బురద, మచిలీపట్నము, విశాఖపట్నము వంటి తీర పట్టణములలోని ఉప్పు గాలి ఆ స్క్రూను మెల్లమెల్లగా తినివేయును. చిరాగ్ తలే అంధేరా అని ఉర్దూ సామెత. దీపము క్రిందనే చీకటి అని తెలుగువారును అందురు. కారు దీపముల విషయమున ఈ సామెత అక్షరాల నిజము. లోపము చాలసార్లు దీపము క్రింది స్క్రూలోనే దాగియుండును.

కొన్ని ముఖ్యమైన లెక్కలు

కారు బాటరీలో ఆరు గదులు కలవు. పూర్తిగా చార్జి అయిన ఒక్కొక్క గది సుమారు 2.1 వోల్టులిచ్చును. కావున విశ్రాంతిగా ఉన్న మంచి బాటరీ వద్ద సుమారు 12.6 వోల్టులుండును. ఇంజను నడచుచున్నపుడు ఆల్టర్నేటరు చార్జి చేయును గనుక అది 13.8 నుండి 14.5 వోల్టుల వరకు పెరుగును. ఈ రెండు సంఖ్యలను గుర్తుంచుకొన్నచో సగము పని అయినట్లే.

1971లో వచ్చిన హెచ్-4 అను హాలోజెన్ బల్బు నేటికిని మన రోడ్లపై అనేక వాహనములలో కలదు. ఇందు రెండు ఫిలమెంట్లు. హైబీము 60 వాట్లు, డిమ్ము 55 వాట్లు. వాట్లను వోల్టులచే భాగించిన ఆంపియర్లు వచ్చును గనుక డిమ్ము వేసినపుడు ఒక్కొక్క బల్బు సుమారు 4.6 ఆంపియర్లు తీసుకొనును. వెనుక దీపములో తోకదీపమునకు 5 వాట్లు, బ్రేకు దీపమునకు 21 వాట్లు. అనేక కార్లలో ఈ రెండు ఫిలమెంట్లును ఒకే బల్బులో ఇమిడియుండును.

ఇంకొక లెక్క అన్నిటికంటె ముఖ్యమైనది. ఫిలమెంటు బల్బునకు అందు వోల్టులు పదవ వంతు తగ్గినచో వెలుగు పదవ వంతే తగ్గదు. సుమారు మూడు పదుల వంతులు, అనగా నూటికి ముప్పది పాళ్లు తగ్గును. వెలుగు వోల్టేజి యొక్క దాదాపు 3.4వ ఘాతముతో మారుటయే ఇందులకు కారణము. తగ్గిన వోల్టు చిన్నదిగా కనబడును. తగ్గిన వెలుగు చిన్నది కాదు.

ఒక స్క్రూ ఖరీదు ఒక సెకను

ఇప్పుడొక ఉదాహరణ చూతము. ఇంజను ఆపి, డిమ్ము దీపములు వేసి, మల్టీమీటరుతో బాటరీ వద్ద చూడగా 12.4 వోల్టులున్నవనుకొందము. కుడి దీపము సాకెట్టులో బల్బు రెండు మొనల మధ్య 12.0 వోల్టులున్నవి. ఎడమ దీపము వద్ద 10.3 మాత్రమే యున్నవి. రెండును వెలుగుచునే యున్నవి. ఎడమది కొంచెము పసుపుగా కనబడునంతే.

కిర్కాఫ్ నియమము ప్రకారము వలయములో ఒక్క వోల్టు కూడ మాయము కాదు. 12.4లో 10.3 బల్బునకు చేరినచో మిగిలిన 2.1 వోల్టులు దారిలో ఎక్కడనో ఖర్చయి యుండవలెను. బాటరీ ధన ధ్రువము నుండి బల్బు ధన మొన వరకు కొలువగా 0.3 వచ్చినది. బల్బు ఎర్తు మొన నుండి బాటరీ ఋణ ధ్రువము వరకు కొలువగా 1.8 వచ్చినది. కూడిక సరిపోయినది. దొంగ దొరికినాడు. లోపము బల్బులో లేదు, ఫ్యూజులో లేదు, స్విచ్చిలో లేదు. తిరుగు దారిలో కలదు.

ఆ దారిలో సుమారు 4.2 ఆంపియర్లు ప్రవహించుచున్నవి గనుక ఓమ్ నియమము ననుసరించి అచటి నిరోధము సుమారు 0.43 ఓములు. ఇంత స్వల్ప నిరోధమును సాధారణ మీటరులోని ఓము కొలతతో పట్టుకొనుట కష్టము. అయినను ఆ తుప్పులో సుమారు ఏడున్నర వాట్ల వేడి పుట్టుచున్నది. తోకదీపము బల్బునకు కావలసినది 5 వాట్లే యని గుర్తుంచుకొన్నచో, ఒక దీపమునకు మించిన శక్తి ఆ స్క్రూలో వ్యర్థముగా కాలుచున్నదని తెలియును. కొన్ని కార్లలో సాకెట్టు ప్లాస్టికు కరగి నల్లబడుటకు ఇట్టి నిరోధమే కారణము.

వెలుగు సంగతి చూతము. 12.0కు బదులు 10.3 అందిన బల్బు నూటికి సుమారు అరువది పాళ్ల వెలుగే ఇచ్చును. దూరము పెరిగినకొలది వెలుగు దూరపు వర్గముతో తగ్గును గనుక, మంచి దీపము 100 మీటర్ల వద్ద వేయు వెలుగును ఈ దీపము 77 మీటర్ల వద్దనే వేయగలదు. రెండు దీపములకును ఇదే దుస్థితి పట్టినచో డ్రైవరు కోల్పోవునది 23 మీటర్లు. గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవు కారు ఒక సెకనులో 22 మీటర్లు సాగును. అనగా తుప్పుపట్టిన స్క్రూలు డ్రైవరు చేతినుండి ఒక సెకను కాలమును అపహరించినవి. రోడ్డు దాటుచున్న వృద్ధుడో, దీపము లేని ఎడ్లబండియో ఎదురైనపుడు ఆ ఒక్క సెకను విలువ ఎంతయో వేరుగ చెప్పనక్కరలేదు.

కావలసిన సాధనములు

ఈ పనికి ఖరీదైన యంత్రములు అక్కరలేదు. ఒక మల్టీమీటరు, రెండు తీగలు కలిపిన 12 వోల్టుల బల్బు, మూడు మీటర్ల మందపాటి తీగ, ఒక ముక్క గరుకు కాగితము చాలును. తీగలు కలిపిన బల్బునే టెస్టు ల్యాంపు అందురు.

మల్టీమీటరును గూర్చి ఒక హెచ్చరిక. దీపము వెలుగనపుడు బల్బును ఊడదీసి సాకెట్టులో మీటరు పెట్టి చూచుట పరిపాటి. మీటరు 12 వోల్టులు చూపినచో తీగ బాగుగనే యున్నదని తీర్పు చెప్పుదురు. ఇది తప్పుడు తీర్పు కావచ్చును. డిజిటల్ మీటరు లోపలి నిరోధము సాధారణముగా కోటి ఓములు. తుప్పుపట్టిన అతుకులో వెయ్యి ఓముల నిరోధమున్నను మీటరు దానిని లెక్కచేయదు. పూర్తి వోల్టులే చూపును. అదే అతుకు ద్వారా బల్బునకు అందునది 12 మిల్లీ ఆంపియర్లకు మించదు, దానితో బల్బు మినుకుమనదు. కావున కొలత ఎప్పుడును బల్బు తగిలించి, స్విచ్చి వేసి, భారము మోయుచున్నపుడే తీయవలెను. మూట ఎత్తించనిదే కూలివాని బలము తెలియదు గదా!

మీటరు లేనివారికి ఇంకొక ఉపాయము కలదు. మందపాటి తీగ యొక్క ఒక కొనను బాటరీ ఋణ ధ్రువమునకు, రెండవ కొనను దీపము ఎర్తు మొనకు తాకించి చూడవలెను. మసకగా ఉన్న దీపము వెంటనే ప్రకాశించినచో లోపము ఎర్తులోనిదని ఋజువైనట్లే. అపుడు స్క్రూ విప్పి, రేకును మెరయువరకు గీకి, బిగించి, పైన కొంచెము వ్యాసలీను పూసినచో తడి చేరదు.

లక్షణమును బట్టి లోపము

వైద్యుడు నాడి చూడకముందే రోగిని ప్రశ్నించును. మనమును సాధనము పట్టకముందే చూడవలసినవి కొన్ని కలవు. ఒక్క దీపము పోయినదా, అన్నియు పోయినవా? ఎల్లప్పుడును పోయినదా, కుదుపునకు మాత్రమే పోవుచున్నదా? ఈ ప్రశ్నలకు వచ్చు జవాబే వెదకవలసిన చోటును సగమునకు తగ్గించును. రెండు దీపములకు ఉమ్మడిగా ఉన్న భాగములో లోపమున్నచో రెండును పోవును. ఒక్కటే పోయినచో ఉమ్మడి భాగమును అనుమానింప పనిలేదు.

1. ఒక హెడ్‌లైటు మాత్రమే వెలుగనిచో మొదట బల్బును చూడవలెను. ఫిలమెంటు తెగియున్నచో కొత్తది వేయవలెను. హాలోజెన్ బల్బు గాజును వట్టి వ్రేళ్లతో తాకరాదు. వ్రేళ్ల జిడ్డు అంటినచోట గాజు అధికముగా వేడెక్కి త్వరలో పాడగును. బల్బు బాగుగనున్నచో ఆ దీపమునకు వేరుగా ఫ్యూజు ఉన్నదేమో చూచి, పిమ్మట సాకెట్టును, ఎర్తును పరీక్షింపవలెను.

2. రెండు హెడ్‌లైట్లును ఒకేసారి ఆరిపోయినచో ఉమ్మడి ఫ్యూజు, రిలే, స్విచ్చి అనుమానింపదగినవి. రిలే అనగా చిన్న విద్యుత్తుతో పెద్ద విద్యుత్తును నడిపించు స్విచ్చి. దానిపై 30, 85, 86, 87 అను అంకెలుండును. 85, 86 లోపలి చుట్ట యొక్క మొనలు. 30 బాటరీ నుండి వచ్చునది, 87 దీపమునకు పోవునది. దీపము స్విచ్చి వేసినపుడు రిలే టక్కుమని పలికినచో చుట్ట వరకు అంతయు క్షేమము. లోపము 30, 87 వైపున వెదకవలెను. పలుకనిచో 85, 86 వైపున వెదకవలెను. ఒక్క శబ్దముతో పని సగమగును.

3. ఇంజను నిదానముగా తిరుగుచున్నపుడు దీపములన్నియు మసకబారి, యాక్సిలరేటరు నొక్కగనే ప్రకాశించినచో అది దీపముల లోపము కాదు. చార్జింగు బలహీనమైనదని అర్థము. బెల్టు వదులైనదేమో, బాటరీ మొనలపై తెల్లని బూజు పట్టినదేమో చూడవలెను. మొనలను విప్పునపుడు ఋణ ధ్రువమును మొదట విప్పి, బిగించునపుడు దానిని చివర బిగింపవలెను. వంట సోడా కలిపిన వేడి నీటితో ఆ బూజు పోవును.

4. బల్బులు మాటిమాటికి మాడిపోవుచున్నచో బల్బుల కంపెనీని నిందించుటకు ముందు, ఇంజను నడచుచుండగా బాటరీ వద్ద వోల్టులను కొలువవలెను. 15కు మించినచో రెగ్యులేటరు చెడినది. వోల్టులు నూటికి అయిదు పాళ్లు పెరిగినచో ఫిలమెంటు ఆయుర్దాయము దాదాపు సగమగును.

5. ఒక ప్రక్క ఇండికేటరు అతివేగముగా కొట్టుకొనుచున్నచో ఆ ప్రక్కన ఒక బల్బు పోయినదని గ్రహింపవలెను. ఇండికేటరు నిమిషమునకు 60 నుండి 120 సార్ల వరకు వెలిగి ఆరుట ప్రమాణము. ఒక బల్బు పోగానే ఎలక్ట్రానిక్ ఫ్లాషరు తగ్గిన విద్యుత్తును గుర్తించి, డ్రైవరును హెచ్చరించుటకే వేగమును పెంచును. 21 వాట్ల బల్బునకు బదులు కొద్ది వాట్ల ఎల్.ఇ.డి. బల్బు వేసినను ఇట్లే జరుగును. ఫ్లాషరు దృష్టిలో అదియు లేని బల్బే.

6. రెండు బ్రేకు దీపములును వెలుగనిచో ఫ్యూజును, పెడలు వద్దనున్న స్విచ్చిని చూడవలెను. స్విచ్చి రెండు తీగలను క్షణకాలము కలిపినపుడు దీపములు వెలిగినచో స్విచ్చియే చెడినది. ఒక బల్బు ఎప్పుడో పోయి, ఎవరును గమనింపక, రెండవది నేడు పోయియుండుటయు సాధ్యమే. డ్రైవరునకు తన కారు వెనుక దీపములు కనబడవు. గోడకు వెనుక భాగము దగ్గరగా నిలిపి బ్రేకు నొక్కినచో గోడపై పడు ఎర్రని కాంతియే నిజము చెప్పును.

7. బ్రేకు నొక్కినపుడు తోకదీపములు కూడ మసకగా వెలుగుట, ఇండికేటరు వేసినపుడు తోకదీపము దానితోబాటు కన్ను గీటుట చూచి పలువురు భయపడుదురు. తీగలన్నియు కలిసిపోయినవని తలంచెదరు. ఇది చాలసార్లు ఎర్తు తెగుట వలన కలుగు వింత. 21 వాట్ల ఫిలమెంటు గుండ వచ్చిన విద్యుత్తునకు తన ఎర్తు దొరకనపుడు, అది అదే బల్బులోని 5 వాట్ల ఫిలమెంటు గుండ వెనుకకు నడచి, రెండవ ప్రక్క తోకదీపము ద్వారా ఎర్తును చేరును. వంతెన కూలినపుడు ప్రయాణికుడు చుట్టుదారిన పోయినట్లు విద్యుత్తును పోవును. తీగలు మార్చనక్కరలేదు. ఒక్క స్క్రూ బాగుచేసిన చాలును.

8. కుదుపునకు ఆరి వెలుగు దీపమునకు సాకెట్టు వదులగుటయో, తీగ లోపల తెగుటయో కారణము. వెనుక తలుపు మడతబందు వద్ద తీగలు తలుపు తెరచిన ప్రతిసారి వంగును గనుక రబ్బరు గొట్టము లోపల తెగుచుండును. కదలక నిలిపియుంచిన కార్లలో ఎలుకలు తీగలు కొరుకుటయు మన ప్రాంతమున సాధారణమే.

ఫ్యూజు నిలువనపుడు

కొత్త ఫ్యూజు వేసిన మరుక్షణమే కాలిపోయినచో ఎక్కడనో వచ్చు తీగ కారు శరీరమును తాకుచున్నదని అర్థము. ఫ్యూజు వెంట ఫ్యూజు కాల్చుటకు బదులు, ఆ దీపముల బల్బులన్నియు ఊడదీసి, ఫ్యూజు స్థానమున 21 వాట్ల టెస్టు ల్యాంపును తగిలింపవలెను. షార్టు ఉన్నంతసేపు అది పూర్తిగా వెలుగుచుండును. దాని గుండ రెండు ఆంపియర్లకు మించి పోలేదు గనుక తీగలు కాలు భయము లేదు. పిమ్మట ఒక్కొక్క శాఖ యొక్క కనెక్టరును విప్పుచు పోవలెను. ఏ శాఖను విప్పగానే ల్యాంపు ఆరిపోవునో ఆ శాఖలోనే షార్టు కలదు.

కాలిన ఫ్యూజు స్థానమున సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితమునో, రాగి తీగ ముక్కనో చుట్టుట మనలో ఇంకను పోని దురలవాటు. ఫ్యూజు దీపమును కాపాడుటకు లేదు, తీగను కాపాడుటకు కలదు. 15 ఆంపియర్ల ఫ్యూజు తాను కాలి తీగను బ్రతికించును. వెండి కాగితము తాను బ్రతికి తీగను కాల్చును. ఆ తీగ ప్రక్కననే పెట్రోలు గొట్టము ఉండవచ్చునని మరువరాదు.

వెలుగు చాలలేదని 100, 90 వాట్ల బల్బులు వేయుటయు ఇట్టిదే. 90 వాట్ల బల్బు 7.5 ఆంపియర్లు లాగును. వేడి విద్యుత్తు వర్గముతో పెరుగును గనుక 4.6 ఆంపియర్లకు తగిన తీగలోను, సాకెట్టులోను వేడి రెండున్నర రెట్లకు మించును. ఎదుటివాని కన్నులకు చీకట్లు కమ్మించుట వేరొక పాపము. ముందుగా ఎర్తు సరిచేసి చూచినచో అసలు బల్బే చాలినంత వెలుగిచ్చుచున్నదని చాలమంది గ్రహింతురు.

కొత్త కార్లు, పాత నియమములు

అంబాసిడరు కార్ల ఉత్పత్తి 2014లో ఆగినది. నేటి కార్లలో అనేకము దీపములను కంప్యూటరు పెట్టె ద్వారా వెలిగించును. అట్టి కార్లలో టెస్టు ల్యాంపును తోచినచోట తాకించుట, తీగ తొడుగును సూదితో పొడుచుట ప్రమాదకరము. కంప్యూటరు విద్యుత్తును సెకనుకు అనేక పర్యాయములు తెరచి మూయుచు వెలుగును సవరించుట వలన మీటరు 12కు తక్కువ చూపినను అది లోపము కాకపోవచ్చును. జినాను దీపములు వెలుగునపుడు ఇరువది వేల వోల్టుల వరకు పుట్టును గనుక వానిని నేర్పరులకే విడువవలెను. పసుపు తొడుగు గల ఎయిర్‌బ్యాగు తీగలను, విద్యుత్ కార్లలోని నారింజ రంగు తీగలను విద్యార్థులు తాకనే రాదు.

యంత్రములు మారినను నియమములు మారలేదు. ఎల్.ఇ.డి. దీపమునకును వెళ్లు దారి, తిరుగు దారి రెండును కావలెను. విద్యుత్ కారులోను దీపములు సామాన్యముగా 12 వోల్టుల బాటరీ మీదనే వెలుగుచున్నవి. స్క్రూ క్రింది తుప్పునకు పాత కారు, కొత్త కారు అను భేదము లేదు.

మన విద్యార్థులలో పలువురి ఇండ్లలో అన్నయో, చిన్నాన్నయో, మామూయో గ్యారేజిలో పనిచేయువారు, టాక్సీయో ఆటోయో నడుపువారు కలరు. ఆ ఇంటి నేర్పు ఒక వైపున, కళాశాల చదువు ఒక వైపున వేరువేరుగా ఉండిపోవుట మనకు నష్టము. కళాశాల కమిటీ వారికి ఒక్క మనవి. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఒక చెక్క పలకపై పాత కారు వెనుక దీపములు రెండు, ఒక బాటరీ, ఒక ఫ్యూజు, ఒక స్విచ్చి అమర్చి, ఎర్తు స్క్రూను వదులు చేయుటకు వీలు కల్పించినచో చాలును. దీని సామగ్రి పాత సామాను దుకాణములలో స్వల్ప ధరకు లభించును. కిర్కాఫ్ నియమమును విద్యార్థి నల్లబల్లపై చూచుటకు బదులు, 0.3, 10.3, 1.8 కూడి 12.4 అగుటను తన చేతితో కొలిచి చూడగలడు.

విద్యార్థి మిత్రులకును ఒక్క మాట. ఈ సంచిక చదివిన సాయంత్రమే మీ ఇంటి ముందరి కారునో, ఆటోనో, మోటారు సైకిలునో గోడకు ఎదురుగా నిలిపి దీపములు వేసి చూడుడు. రెండు వెలుగులు సమానముగా ఉన్నవా? బ్రేకు నొక్కినపుడు ఎర్రదీపము తేటగా వెలుగుచున్నదా? తేడా కనబడినచో బల్బు కొనుటకు ముందు స్క్రూను చూడుడు. ఆ రాత్రి ప్రయాణము చేయువారికి మీరు ఒక్క సెకను కాలమును తిరిగి ఇచ్చినవారగుదురు.